పదకొండో నంబరు

మా మేనమామ కాకినాడ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చెప్పిన ఉద్యోగం కబుర్లన్నీ మరిచిపోయాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆయన చెప్పిన రోజున నా బుర్రకు ఎక్కలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, మా బాబాయి కొబ్బరికాయలు గోదావరిలో తేలుకుంటూ వెళ్ళిపోయిన ఉదయాన ఎక్కింది.

కోస్తాలో పెరిగినవాళ్ళకు ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: "కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు." చిన్నప్పుడు మేము దాన్ని మార్కుల్లాగా అనుకునేవాళ్ళం. మూడంటే బడికి సెలవు రావచ్చు, రాకపోవచ్చు. ఏడంటే సెలవు ఖాయం. పది అంటే ఇల్లు ఎగిరిపోతుంది. ఒకసారి మావయ్యను అడిగాను, పది తర్వాత ఏముంటుందని. "పదకొండు ఉంటుంది" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. పదికే ఇల్లు ఎగిరిపోతే పదకొండుకు ఊరే ఎగిరిపోవాలి కదా!

ఆయన నవ్వేశారు. అసలు ఆ అంకెలు మార్కులు కానే కావన్నారు. అయిదు, ఆరు, ఏడు తీవ్రతలో ఒకటే. తుఫాను రేవుకు ఎడమగా తీరం దాటుతుందా, కుడిగానా, రేవు మీదనుంచేనా అన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే అవి తీవ్ర తుఫానుకు. మరి పదకొండు? "పదకొండు అంటే మాకు కబురు తెగిపోయిందని. వాతావరణ కేంద్రంతో సంబంధం లేదు, వాళ్ళు ఏమంటున్నారో మాకు తెలియదు, ఇక్కడ మాత్రం వాతావరణం చెడిపోయేట్టుంది, మీ జాగ్రత్తలో మీరుండండి అని ఓడలకు చెప్పడం."

ఇంతేనా అనిపించింది. పెద్ద రాక్షసుడు వస్తాడనుకుంటే గుమాస్తా వచ్చినట్టు.

ఇక కొబ్బరికాయల సంగతి.

మాది కోనసీమలో ఒక లంక. నేను ఉండేది హైదరాబాదు నిజాంపేటలో, చేసేది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. అమ్మా, బాబాయి కుటుంబం ఊళ్ళోనే ఉంటారు. వరద విషయంలో మా లంకకు తనదైన కొలమానం ఉంది. పైన భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కింద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఇవి ప్రభుత్వం లెక్కలు. మా ఇంటి లెక్క వేరు: ధవళేశ్వరంలో పది దాటితే కాజ్‌వే మునుగుతుంది, పన్నెండుకు రేవు మునుగుతుంది, పదిహేను దాటితే పెరట్లోకి వస్తుంది, ఇరవైకి వీధి అరుగు. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చినప్పుడు తాతయ్య గోడ మీద మేకుతో గీసిన గీత ఇప్పటికీ ఉంది. ఇల్లు రెండుసార్లు సున్నం వేసుకుంది, ఒకసారి రంగులు వేసుకుంది, ఆ గీత మీద మాత్రం కుంచె పడనివ్వలేదు.

2022 జూలైలో మళ్ళీ అటువంటిదే వచ్చింది. భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షల పైన. ఆ నాలుగు రోజులూ నేను హైదరాబాదులో కూర్చుని గంటకోసారి బాబాయికి ఫోను చేసి అంకెలు చెప్పాను. పేరూరు ఎంత, ఏటూరునాగారం ఎంత, శబరి కలిసే కూనవరం ఎంత, పోలవరం ఎంత. రాత్రుళ్ళు అలారం పెట్టుకుని లేచి మరీ చెప్పాను. వరద తీశాక, ప్రోగ్రాములు రాసేవాడికి సహజంగా పుట్టే బుద్ధే నాకూ పుట్టింది: ఈ పని నేనెందుకు చేయాలి, కంప్యూటరు చేస్తుంది కదా!

రెండు సాయంత్రాలు పట్టింది. వివరాలు దొరికే ఒక పేజీ తెరవడం, భద్రాచలం మట్టం, ధవళేశ్వరం విడుదల ఏరుకోవడం, కిందటి గంట అంకెతో పోల్చి "పెరుగుతోంది", "తగ్గుతోంది", "నిలకడ" అని ఒక మాట చేర్చి మా ఇంటి గుంపులోకి పంపడం. అమ్మ పెద్ద అక్షరాలు కావాలన్నది. పిన్ని తెలుగు అంకెలు కావాలన్నది, అది కుదరదన్నాను. బాబాయి మాత్రం పొంగిపోయి ఊళ్ళో నలుగురికి చూపించాడు. ఆ నలుగురూ గుంపులో చేరారు, వాళ్ళ వెనక ఇంకో పదిమంది. నేను మా లంకకు అనధికార జల సంఘాన్ని అయిపోయాను.

ఆ తర్వాతి వరదల్లో ఒక రాత్రి. పదకొండు గంటలకు నా ప్రోగ్రాము "ధవళేశ్వరం 9.80 లక్షలు" అని పంపింది. పన్నెండుకు "9.80 లక్షలు, నిలకడ". ఒంటిగంటకు నిలకడ. రెండుకు నిలకడ. మూడు, నాలుగు, అయిదు, గోదావరి తల్లి ధ్యానంలో ఉంది. మధ్యలో ఒకసారి లేచి చూసుకున్న బాబాయి, పది దాటలేదులే అని పడుకున్నాడు. రేవు పక్కన లోడుకు సిద్ధంగా రాశి పోసిన కొబ్బరికాయలు ఉన్నాయి. తెల్లవారి వెళ్ళేసరికి రేవు లేదు, రాశి లేదు. ఏటి మధ్యలో ఎర్రనీటి మీద నల్లటి చుక్కల్లాగా కాయలు వరసకట్టి అంతర్వేది వైపు పోతున్నాయట.

"నిలకడ అన్నావు కదరా" అన్నాడు ఫోనులో. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నదిలో నీరు రాత్రంతా పెరుగుతూనే ఉంది. ఆగిపోయింది పేజీ. పదకొండు తర్వాత అందులో కొత్త అంకె పడలేదు. నా ప్రోగ్రాము ప్రతి గంటా వెళ్ళి పాత అంకెనే తెచ్చింది, కిందటి గంటతో పోల్చింది, తేడా సున్నా అని తేల్చింది. తేడా సున్నా అయితే "నిలకడ" అని రాయమని దానికి చెప్పింది నేనే. పైగా ప్రతి సందేశం మీదా సమయం వేశాను, అయితే అది కొలిచిన సమయం కాదు, పంపిన సమయం. అంటే తెల్లవారుజామున 5 గంటలకు బాబాయి చూసింది రాత్రి 11 గంటల గోదావరిని. ఆకాశంలో నక్షత్రాన్ని చూసినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది మావయ్య పదకొండో నంబరు. నా ప్రోగ్రాముకు ఒకటి నుంచి పది దాకా అన్నీ నేర్పాను. పదకొండు నేర్పలేదు.

రేవుల్లో ఈ హెచ్చరికల పద్ధతి 1865లో కలకత్తాలో మొదలైంది. అంతకు ముందటి ఏడు అక్టోబరులో కలకత్తాను ఒక తుఫాను ముంచింది, నవంబరులో మన మచిలీపట్నాన్ని ఇంకొకటి ముంచింది. ఆ రెండు దెబ్బల మీద పుట్టిన ఏర్పాటు అది. వాతావరణ శాఖ పుట్టింది ఇంకో పదేళ్ళకు, 1875లో. కబురు తంతి మీద రావాలి, వస్తే స్తంభానికి పగలు శంకువులూ డోళ్ళూ కట్టేవారు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు వేలాడదీసేవారు. గాలివానలో మొదట తెగేది తంతే. తంతి తెగితే స్తంభం మీద ఏమీ కట్టకుండా ఊరుకుంటే ఓడవాడు ఏమనుకుంటాడు? ప్రమాదం లేదనుకుంటాడు. నిన్న కట్టినదే ఉంచేస్తే? నిన్నటిలాగే ఉందనుకుంటాడు. రెండూ అబద్ధాలే. అందుకని "మాకు తెలియదు" అనడానికి విడిగా ఒక గుర్తు కేటాయించారు. ఎంతమంది మునిగితే వచ్చిన తెలివో మరి.

ఆ కొబ్బరికాయల తర్వాత కొన్ని వారాలు నాకు ఇదే పిచ్చి. ఒక అంకె నదిలోంచి మా అమ్మ ఫోను దాకా ఎలా వస్తుందో, దారిలో ఎక్కడెక్కడ తెగవచ్చో చదువుతూ కూర్చున్నాను. వంతెన కింద వేలాడే రాడారు యంత్రం నీటికీ తనకూ ఉన్న దూరం కొలుస్తుంది. గట్టు మీద ఒక పెట్టె, పైన సౌరఫలకం, ఉపగ్రహానికి చూపు పెట్టిన యాంటెన్నా. అక్కడినుంచి కంప్యూటరు, కంట్రోలు రూము. ఇంత యంత్రాంగం ఉన్నా కేంద్ర జల సంఘం వాళ్ళు వరద కాలంలో గంటకోసారి మనిషి చేత గేజి పలక చదివిస్తూనే ఉంటారు. ఇంకా పాతకాలమేమిటని ఒకప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ చదివే మనిషి కనబడితే టీ ఇప్పిస్తాను.

మా అపార్ట్‌మెంటుకు దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ ఉంది. సముద్రం ఎక్కడుందో తెలియని హైదరాబాదులో దేశానికంతటికీ సునామీ హెచ్చరికల కేంద్రం! 2004 డిసెంబరు 26 తర్వాత పెట్టుకున్నది, 2007 నుంచి పనిచేస్తోంది. రోజూ కూరగాయలకు ఆ దారినే వెళతాను, ఏనాడూ తలెత్తి చూడలేదు. సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే యంత్రం, దాని కబురు అందుకుని ఉపగ్రహానికి చేరవేసే పై బోయ, ఈ జంట సునామీ వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడదు. ఏమీ లేని రోజుల్లో కూడా వేళకు తన లెక్క పంపుతూనే ఉంటుంది. ఆ లెక్క ఎవరికీ అక్కరలేదు. అది రాకపోతేనే అక్కర. రాలేదంటే సముద్రం సంగతి తర్వాత, ముందు బోయ సంగతి చూడాలి. మా అమ్మ రోజూ రాత్రి ఎనిమిదింటికి "తిన్నావా" అని ఫోను చేయడం కూడా ఇటువంటిదే. తిన్నానా లేదా అన్నది విషయం కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, క్యాప్ అనే పత్రం ఒక ఎత్తు. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ దాని పూర్తి పేరు. తుఫాను కబురు వాతావరణ శాఖ చెబుతుంది, వరద కబురు జల సంఘం చెబుతుంది, అలల కబురు ఇన్‌కాయిస్ చెబుతుంది. ఒక్కొక్కరు ఒక్కో తీరున చెబితే యంత్రాలకు అర్థం కాదు కనుక అందరూ ఒకే నమూనాలో నింపాలి. మన దేశంలో జాతీయ విపత్తుల నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ తయారుచేసిన సచేత్ అనే హెచ్చరికల వేదిక ఈ నమూనా మీదే నడుస్తోంది. నేను దాన్ని ఏదో పొడి దస్తావేజు అనుకుని తెరిచాను. చదువుతున్నకొద్దీ దెబ్బలు తిన్నవాళ్ళు రాసినదని తెలిసింది. పంపిన సమయం ఒక గడి, అమల్లోకి వచ్చే సమయం ఇంకో గడి, ప్రమాదం మొదలవుతుందనుకునే సమయం వేరే గడి, గడువు తీరే సమయం మరో గడి. నేను ఒక్క సమయం వేసి చేతులు దులుపుకున్న చోట వాళ్ళు నాలుగు పెట్టారు. ఇది నిజమా, కసరత్తా, పరీక్షా అని చెప్పే గడి ఉంది. పాత హెచ్చరికను సవరించడానికి, రద్దు చేయడానికి పద్ధతి ఉంది. ఎంత త్వరగా కదలాలి, ఎంత తీవ్రం, ఎంత ఖాయం అని మూడు విడి ప్రశ్నలు ఉన్నాయి. మనం మామూలుగా ఈ మూడింటినీ కలిపి "భయంకరం" అనేస్తాం. ఆ మూడు గడుల్లోనూ, ఇవ్వదగిన జవాబుల వరసలో చివర ఒకటి ఉంది: తెలియదు.

చూడగానే మావయ్యకు ఫోను చేశాను. ఆయనకు ఎనభై దాటాయి. "మావయ్యా, మీ పదకొండు ఇక్కడ కూడా ఉంది" అన్నాను. ఆయన ఏ పదకొండు అన్నారు. మొత్తం చెప్పాల్సి వచ్చింది.

ఇంత జాగ్రత్తగా గడులు నింపి పంపిన కబురు మన ఫోనులోకి వచ్చేసరికి ఒంటి మీద గుడ్డ లేకుండా మిగులుతుంది. అందులో మన లిపికి కూడా కొంత పాత్ర ఉంది లెండి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. గుణింతం విడిగా లెక్క, ఒత్తు విడిగా లెక్క. "భద్రాచలం" చూడటానికి నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు ఎనిమిది. "ధవళేశ్వరం" అయిదు కాదు, తొమ్మిది. "స్త్రీ" ఒక్క అక్షరానికి ఆరు చెల్లించాలి. అందుకేనేమో తెలుగు హెచ్చరికల్లో ముందు రాలిపోయేది తేదీ, తర్వాత ఊరు. మిగిలేది "అప్రమత్తంగా ఉండండి". ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని అడగకూడదు.

సెల్ బ్రాడ్‌కాస్ట్ ఇందుకు మందు అంటారు, చాలావరకు నిజమే. 2023లో టెలికాం శాఖ విడతలవారీగా పరీక్ష సందేశాలు పంపినప్పుడు మా ఆఫీసులో ముప్ఫై ఫోన్లు ఒక్కసారిగా కూశాయి. ఒకాయన బల్ల కిందకు దూరబోయి ఆగాడు. ఎస్సెమ్మెస్ ఉత్తరంలాంటిది, ఒక్కో నంబరు వెతుక్కుంటూ వెళ్ళాలి, వరద రోజున అందరూ ఫోన్లు చేస్తుంటే ఆ దారిలోనే ఇరుక్కుంటుంది. ఇది టముకులాంటిది. టవరు ఒకసారి చాటుతుంది, ఆ పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. పదిమందైనా, పదివేలమందైనా టవరుకు ఒకటే శ్రమ. ఎవరి నంబరూ తెలియనక్కరలేదు. ఊరు చూడవచ్చిన చుట్టానికి కూడా వినబడుతుంది. టముకుకు ఉన్న లోటే దీనికీ ఉంది: ఎవరు విన్నారో వేసినవాడికి తెలియదు. మా ఊళ్ళో అమ్మ చిన్న ఫోను ఆ రోజు కిక్కురుమనలేదు. పక్కింటివాళ్ళది మోగింది. అమ్మ ఫోను మూగబోయిందని ఏ కంట్రోలు రూముకూ తెలియదు.

టవరే లేకపోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది. తుఫాను వస్తుందని, అక్కడికే వస్తుందని ముందే చెప్పారు, చెప్పినట్టే వచ్చింది. ఆ తర్వాతే అసలు చీకటి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎంవీపీ కాలనీలో ఉండే నా స్నేహితుడి నంబరుకు రోజుకు నలభైసార్లు చేశాను. "మీరు డయల్ చేసిన నంబరు స్విచాఫ్ చేయబడి ఉంది" అని ఒకావిడ ప్రశాంతంగా చెప్పేది. స్విచాఫ్ చేయడమేమిటి, ఊరికి ఊరే తెగిపడి ఉంటే! నా ప్రోగ్రాము చెప్పిన "నిలకడ"కూ ఆవిడ చెప్పిన "స్విచాఫ్"కూ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ తెలియదు, ఇద్దరూ తెలిసినట్టు మాట్లాడారు. స్నేహితుడు మూడో రోజున ఎవరి ఫోనులోనుంచో పలికాడు, మొదటి మాట "నీళ్ళు దొరకడం లేదురా" అని.

నా ప్రోగ్రామును తిరగరాశాను. చిన్న మార్పే. ఇప్పుడది పంపిన సమయం చెప్పదు, కొలిచిన సమయం చెబుతుంది. ఆ సమయం రెండు గంటలు దాటి పాతబడితే అంకె చూపించడమే మానేస్తుంది. దాని బదులు ఇలా పంపుతుంది: "కబురు తెగింది. చివరగా తెలిసినది రాత్రి 11కి 9.80 లక్షలు. ఇప్పుడు ఎంతో తెలియదు." నిలకడ అన్న మాట వాడాలంటే మూడు వేరువేరు సమయాల కొలతలు రావాలి. ప్రోగ్రామే ఆగిపోతే? దానికి ఇంకో చిన్న ప్రోగ్రాము కాపలా పెట్టాను. కాపలావాడికి కాపలా ఎవరని మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పకుండా టీ తాగాను.

గుంపులో వెంటనే అసంతృప్తి మొదలైంది. మామూలు రోజుల్లో కూడా రెండు మూడుసార్లు "తెలియదు" అని వస్తుంటే చిరాకు కదా. అంతకు ముందు ఇలా ఆగేదే కాదని పిన్ని అన్నది. అంతకు ముందు కూడా ఆగేదని, మనకు చెప్పేది కాదని అన్నాను. "తెలియదని చెప్పడానికి కంప్యూటరు ఎందుకురా, నేను చెప్పనా?" అన్నది అమ్మ. ఒకరిద్దరు గుంపులోంచి వెళ్ళిపోయి, గంటకో అంకె ఠంచనుగా వచ్చే వేరే గుంపులో చేరారు. అక్కడ కిందటేడు వరద ఫొటో ఈ ఏడు తేదీతో తిరుగుతోందని తర్వాత తెలిసింది. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

బాబాయి వెళ్ళలేదు. కొబ్బరికాయల నష్టం ఎంతో ఇప్పటికీ నాకు చెప్పలేదు. నేను మావయ్య కథ చెబితే ఆసాంతం విని, "అయితే పదకొండు వస్తే నేను లేవాలన్నమాట" అన్నాడు.

పోయిన వరదలో రాత్రి రెండున్నరకు ప్రోగ్రాము కబురు తెగిందని పంపింది. నేను నిద్రలో ఉన్నాను. పొద్దున లేచి చూస్తే దాని కింద బాబాయి సందేశం ఒకటే అంకె: 11. దాని తర్వాత పది నిమిషాలకు టార్చి వెలుగులో తీసిన రేవు ఫొటో. కింద నుంచి నాలుగో మెట్టు మీద ఆయన చెప్పులు విడిచి పెట్టాడు, నీళ్ళు మూడో మెట్టు మీద ఉన్నాయి. మూడున్నరకు ఇంకో ఫొటో. చెప్పులు అయిదో మెట్టు మీద ఉన్నాయి.